పాలెం దారిలో ఫియట్

పార్వతికి ఉబ్బసం. అల్లవరం నుంచి అమలాపురం దాకా కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్ళడం ఇక ఆమెవల్ల కావడం లేదు. కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు దుర్గాశ్రీ అందుకే ఓ చిన్నకారు కొందామంది. మారుతి అయితే రిపేరుకి ఇబ్బంది ఉండదని కూడా తనే తేల్చేసింది. పార్వతి సరేనంది.

రాజమండ్రిలో మారుతి చూసి బయటికి వస్తుంటే, రోడ్డుకి అవతల ఇంకో షోరూము మీద అక్షరాలు కనబడ్డాయి. పార్వతి ఆగిపోయింది.

"ఫియట్ మళ్ళీ వచ్చిందా?"

దుర్గాశ్రీ తల్లి చెయ్యి పట్టుకుంది. ఆరేళ్ళుగా వాళ్ళింట్లో ఆ మాట ఎవరూ అనలేదు.

"పేరొకటేనమ్మా. కారు వేరు. వెళ్దాం పద."

"ఒక్కసారి చూద్దాం."

లోపల ఎర్రటి బుల్లికారు, పాలియో అట. పాత ఫియట్ పోలికలు వెతికితే ఒక్కటీ దొరకలేదు. అందులో గేరు స్టీరింగుకే ఉండేది. ముందు ఒకటే పొడుగు సీటు. ఇందులో రెండు సీట్లూ విడివిడిగా ఉన్నాయి.

"ఎంతమంది పడతారు బాబూ?" అని అడిగింది పార్వతి.

"అయిదుగురండీ."

"ఇరుక్కుంటేనో?"

సేల్స్ కుర్రాడు నవ్వాడు. "మీరిద్దరే కదండీ అమ్మగారూ, ఇరుక్కోవడం ఎందుకండీ."

తొంభై ఆరు తుపాను రోజున ఆమె భర్త బాపిరాజు పాత ఫియట్ వేసుకుని సముద్రం ఒడ్డునున్న పాలేనికి వెళ్ళాడు. చేపల వేటకెళ్ళేవాళ్ళూ, రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళూ ఉండే చోటది. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఒకరి ఒళ్ళో ఒకరిని కూర్చోబెట్టి అల్లవరం బడికి చేరవేశాడు. మధ్యలో ఇంటికొచ్చి, తడిబట్టలతో గుమ్మంలోనే నిలబడి కాఫీ తాగాడు.

"మగాళ్ళు మిగిలిపోయేరు. తీసుకొచ్చేస్తాను" అన్నాడు.

అప్పటికే కొబ్బరిచెట్లు నేలకి వంగిపోతున్నాయి. పార్వతి వద్దనలేదు. నీళ్ళు తీశాక కారు రొయ్యల చెరువు గట్టు పక్కన కనబడింది. మనిషి అవతల సరుగుడు తోటలో దొరికాడు.

ఆ తర్వాత పార్వతి పాలెం వైపు వెళ్ళలేదు. అక్కడివాళ్ళూ ఆమె గుమ్మంలోకి రాలేదు. అప్పుడే మరిచిపోయారు కాబోలని ఒక్కోసారి ఆమెకి కోపం వచ్చేది.

"ఇదే తీసుకుందామే" అంది కూతురితో, ఆ ఎర్రకారుని చూపిస్తూ.

"రోజూ ఆ పేరు కళ్ళబడుతుందమ్మా. నువ్వు తట్టుకోలేవు."

"ఆ పేరు ఎత్తకుండా ఉంటే, మీ నాన్నగారి గురించి చెప్పుకోడానికి నాకేం మిగల్లేదే."

దుర్గాశ్రీ సేల్స్ కుర్రాణ్ణి కాగితాలు తెమ్మంది.

కారు ఇంటికొచ్చిన ఆదివారం పూజ చేయించారు. అది అయ్యాక పార్వతి ముందు సీట్లో కూర్చుని, "పాలెం పోనియ్యి" అంది.

పాలెంలో ఇప్పుడన్నీ డాబా ఇళ్ళే. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఒకామె లేచి నిలబడింది.

"ఎవరండీ?"

"బాపిరాజుగారి ఇంటినుంచి" అంది దుర్గాశ్రీ.

ఆమె చేతిలోని వల జారిపోయింది. లోపల్నుంచి చాప తెచ్చి పరిచింది. తన పేరు మరిడమ్మ అని చెప్పింది.

"ఆవేళ నన్నూ పిల్లల్నీ రాజుగారే ఎక్కించేరండి. మా ఆయనక్కూడా చోటు చూపించేరు. పక్కింటి ముసలమ్మని కూర్చోబెట్టి తను దిగిపోయేడండి. 'రాజుగారు మాటిచ్చేరు, మళ్ళీ వస్తారు' అన్నాడండి."

"బయల్దేరేరు" అంది పార్వతి. "కాఫీ తాగి వెంటనే బయల్దేరేరు."

"ఆయ్, తెలుసండి. మా ఆయన కోసమే కదండీ వచ్చేరు. ఇంక ఏ మొహం పెట్టుకుని మీ గుమ్మం ఎక్కనండి?"

పార్వతి ఆమె చెయ్యి పట్టుకుంది. వల నూలుకి ఒరుసుకుని ఆ వేళ్ళు గరుకుగా ఉన్నాయి.

"మీ ఆయన దొరికేడా?"

"లేదండి."

పార్వతి ఆ సరుగుడు తోట దగ్గర తన భర్త ముఖం తుడిచింది. స్నానం చేయించి, కొత్త పంచె కట్టించి సాగనంపింది. ఈ మనిషికి అదీ లేదు. ఇన్నాళ్ళూ తను కోపం పెట్టుకున్నది ఈ మనిషి మీదే. పార్వతికి ఏడుపు ఆగలేదు. మరిడమ్మ మాత్రం ఏడవలేదు. మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

పొద్దు వాలుతుండగా లేచారు.

"కారెక్కు మరిడమ్మా. మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్దువుగాని."

మరిడమ్మ తలుపు మీద చెయ్యి వేసి, తీసేసింది. "కారెక్కలేనండి. ఆవేళ ఎక్కిందే ఆఖరు. తారురోడ్డు దాకా నడిచొస్తానండి."

పార్వతి కూడా దిగింది. ఇసక దారిలో ఇద్దరూ నడిచారు. వెనకాల దుర్గాశ్రీ కారుని మొదటి గేరులో మెల్లగా నడుపుకొచ్చింది. తారురోడ్డు రాగానే మరిడమ్మ ఆగిపోయింది. పార్వతి 'మళ్ళీ వస్తాను' అనబోయి, ఆమెతో ఆ మాట అనలేక ఊరికే భుజం నిమిరి కారెక్కింది.

ఆ పూట పార్వతి అన్నం తినలేదు. దుర్గాశ్రీ బలవంతపెట్టలేదు.