మొహం చూసి చెప్పే మాట

మా షెడ్డులో మరమగ్గాలు నడుస్తున్నప్పుడు పక్కవాడి తుమ్ము కూడా వినపడదు. అందుకని అక్కడ మాటకి గొంతుతో పనిలేదు. పెదాలు ఆడితే చాలు, మిగతాది చేతులు చూసుకుంటాయి. టీ తాగుదామంటే బొటనవేలు పెదవి దగ్గర ఎత్తాలి. మేస్త్రి వస్తున్నాడంటే పొట్ట మీద చేత్తో గుండ్రంగా రాసుకోవాలి. ఆ సైగ మేస్త్రికీ తెలుసు. తెలియనట్టు ఉంటాడు.

అక్కడ ఒక మర్యాద ఉంది. ఎవరినీ వెనక నుంచి పిలవకూడదు. పిలిచినా లాభం లేదనుకోండి. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడాలి. ఇక మాట చాలు అనుకున్నవాడు వీపు తిప్పుతాడు. ఆ కబురు అక్కడికి అయిపోయినట్టు. కొత్తవాళ్ళు మొదట్లో నొచ్చుకుంటారు. తర్వాత వాళ్ళూ తిప్పడం నేర్చుకుంటారు.

నా పక్క మగ్గం మా చెల్లెలి భర్తది. నేను తనని బావా అంటాను, తనూ నన్ను బావా అంటాడు. మేస్త్రి మాత్రం బావకి చప్పుడు లేని రేడియో అని పేరు పెట్టాడు. పొద్దున మీట నొక్కింది మొదలు పని దిగేదాకా తన పెదాలు ఆడుతూనే ఉంటాయి. కండెలకి దారం చుట్టే అక్క షెడ్డుకి ఆ చివర కూర్చుంటుంది. ఈ చివర నుంచి బావ ఏదో అంటాడు, ఆవిడ దారం వదిలేసి నవ్వుతుంది.

ఆ రేడియో ఇంట్లో పలకడం లేదని మా చెల్లి చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

సెలవు రోజు మా ఇంటికి వచ్చి కూర్చుంది. తను బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. చేతిలో పనిలేకపోతే తోచదు, మా ఆవిడ మడతపెడుతున్న బట్టల్లో సగం లాక్కుంది.

"ఆయన నాతో మాట్లాడ్డం మానేశారన్నయ్యా."

"బావా? ఊరుకో. తన నోటికి మూత ఎక్కడిది?"

"మీ దగ్గర లేదేమో. నేను ఒకటి అడిగితే పేపర్లోంచి తలెత్తరు. మళ్ళీ అడిగితే ఆఁ అంటారు. ఆ ఆఁకి అర్థం ఏంటో గోడని అడగాలి."

"అలిసిపోయి వస్తాడు."

"నేను మాత్రం పొద్దుటినుంచి ఉయ్యాల ఊగుతున్నానా?"

మా ఆవిడ అందుకుంది. "మీ అన్నయ్య మాత్రం పెద్ద కబుర్లపోగా? నేను సర్దుకుపోవట్లేదూ?"

నేనేమీ అనలేదు. మా ఆవిడ నా వైపు చెయ్యి చూపించి, చూశావుగా అన్నట్టు చెల్లి వైపు చూసింది.

తర్వాత ఒక రోజు బావ క్యారేజీ ఇంట్లో మర్చిపోతే చెల్లి షెడ్డుకి తెచ్చింది. కిటికీలోంచి లోపలికి చూసింది. ఆ సమయానికి బావ తన చొక్కా పట్టుకుని ఏదో అభినయిస్తున్నాడు, కండెల అక్క పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చెల్లి కాసేపు అలాగే నిలబడింది. నేను బయటికి వెళ్ళేసరికి క్యారేజీ కిటికీ గట్టు మీద ఉంది. తను వీధి మలుపు దగ్గర ఉంది.

ఇక ఆ పొద్దున. నేను పనికి బయల్దేరుతుంటే చెల్లి సంచితో గుమ్మంలోకి వచ్చింది. బావకి ఆ రోజు పెందలాడే డ్యూటీ, ముందే వెళ్ళిపోయాడు.

"రాత్రి చెప్పేశాను ఆయనకి," అంది. "రేపు మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతున్నాను, వద్దంటే ఇప్పుడే చెప్పండి అన్నాను. ఉండమనలేదు, పొమ్మనలేదు. కంచం కడిగి బోర్లించి పడుకున్నారు."

"అప్పుడు మొహం ఎలా పెట్టాడు?"

"నేను చూళ్ళేదు. పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. చూస్తే ఏడుస్తానని."

మా ఆవిడ సంచి అందుకుని లోపల పెట్టింది. చెల్లి తిరిగి వెళ్ళేలా లేదు. ఆ మొహం నాకు తెలుసు. చిన్నప్పుడు తను ఒకసారి వద్దన్న బొమ్మని మళ్ళీ ముట్టుకునేది కాదు.

షెడ్డులో బావ ఎప్పటిలాగే ఉన్నాడు. నన్ను చూడగానే టీకి రమ్మని బొటనవేలు ఎత్తాడు. వీపు తిప్పేశాను. మర్యాద తెలిసినవాడు కాబట్టి తనూ ఊరుకున్నాడు.

ఎండ ఎక్కాక కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగితే చెవుల్లో చెరువు గట్టు తెగినట్టుంటుంది. అందరికీ గొంతులు వచ్చేస్తాయి, అవసరానికి మించి గట్టిగా. నేను మగ్గం కిందికి వంగి తెగిన పోగులు ముడేస్తున్నాను. బావ నా వెనక నిలబడి, దారాన్ని అటూ ఇటూ మోసే నాడెని గుడ్డతో తుడుస్తున్నాడు. నేను తల ఎత్తకుండానే అన్నాను.

"మా చెల్లి సంచి సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. సిగ్గుగా లేదా నీకు?"

షెడ్డు ఆ చివర కండెల అక్క చెయ్యి ఆగిపోయింది. అందరూ విన్నారు. బావ నాడె మీద ఉఫ్ అని ఊది, మళ్ళీ తుడుచుకున్నాడు.

లేచి నిలబడ్డాను. ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. కానీ తన మొహం పక్కనుంచి కనపడింది. విని దాచుకున్న మనిషి మొహం అలా ఉండదు. దవడ దగ్గర ఎక్కడో బిగుసుకుంటుంది. ఇది సాయంత్రం ఏ కూర తేవాలా అని ఆలోచించే మొహం.

వెనక్కి జరిగి "బావా" అన్నాను. ఇంకాస్త గట్టిగా అన్నాను. కండెల అక్క లేచి నిలబడింది. బావ మాత్రం కదల్లేదు.

చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళాను. గొంతు పెగల్చకుండా, పెదాలతో మాత్రమే అన్నాను. మా చెల్లి మా ఇంటికి వచ్చేసింది.

నాడె కింద పడింది. "ఎప్పుడు? ఎందుకు? ఒంట్లో బాలేదా?" అన్నాడు. షెడ్డంతా అదిరేలా అన్నాడు.

బయట మెట్ల మీద కూర్చోబెట్టాను.

"నీకు వినపడడం లేదు బావా."

"ఎందుకు వినపడదు? పొద్దుటినుంచి అందరితో మాట్లాడుతూనే ఉన్నాగా."

"లోపల ఎవరికి ఏం వినపడుతుంది?"

తను నా పెదాల వైపే చూస్తున్నాడు. నేను ఇన్నాళ్ళూ కళ్ళలోకి చూస్తున్నాడనుకున్నాను. చాలాసేపు మోకాళ్ళ మీది నూగు దులుపుకున్నాడు.

"ఇంట్లో తను పొయ్యి వైపు తిరిగే ఉంటుంది," అన్నాడు చివరికి. "మిషన్ ముందు కూర్చున్నా గోడకే. నాతో మాట వద్దనుకుంటోంది అనుకున్నా. సర్లే, కోపం తగ్గాక తనే తిరుగుతుందిలే అని ఊరుకున్నా. రోజూ ఊరుకున్నా."

మేస్త్రి వచ్చి మా వెనక నిలబడి అంతా విన్నాడు. మాకు ఎప్పుడో చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు ఇచ్చారు. పెట్టుకుంటే మగ్గం గొంతు మారడం తెలీదని ఒక సాకు చెప్పి, అందరం మేకులకి తగిలించాం. మేస్త్రి ఆ మేకుల వైపు చూశాడు. "నేనూ గట్టిగా చెప్పలేదు," అన్నాడు. తర్వాత బావ ఎదురుగా వచ్చి, "ఇంటికి పో. రేడియో లేకపోతే షెడ్డేమీ మూతపడదు," అన్నాడు.

నేను ముందు వెళ్ళి మా ఆవిడకి గుమ్మంలోనే చెప్పాను. చెల్లి వంటింట్లో గట్టు దగ్గర కూరగాయలు తరుగుతోంది. బావ వెనక వచ్చి నిలబడ్డాడని తనకి తెలిసింది. కత్తి చప్పుడు పెరిగింది.

"చెల్లీ, ఇటు తిరుగు."

"తిరగను. చెప్పేదేదో అక్కణ్ణించే చెప్పమను."

బావ నా వైపు చూశాడు, ఏమంది అన్నట్టు. మా ఆవిడ వెళ్ళి చెల్లి చేతిలో కత్తి తీసి పక్కన పెట్టి, భుజాలు పట్టుకుని తిప్పింది. "మీ ఆయనకి వినపడదమ్మాయ్. మొహం కనపడితేనే మాట తెలుస్తుంది. ఇప్పుడు అను, ఏమంటావో."

చెల్లి బావని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ బావని చూసింది.

"రాత్రి నేను చెప్పింది?"

"ఏం చెప్పావు?"

చెల్లి పీట మీద కూర్చుండిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ నేను పొయ్యితో కాపురం చేస్తున్నానన్నమాట."

"నేనంటే విసుగనుకున్నా," అన్నాడు బావ.

"కూర మాడిపోతుంటే మీ వైపు తిరిగి నిలబడనా?"

మా ఆవిడకి నవ్వు ఆగలేదు. చెల్లి నవ్వలేదు. ఇంకొకటి మిగిలింది తనకి.

"మరి ఆ కండెలావిడతో నవ్వులేంటి? నేను చూశాను, చొక్కా పట్టుకుని మరీ."

బావ గుర్తు తెచ్చుకున్నాడు. "నువ్వు నా చొక్కాకి గుండీలు ఆడవాళ్ళ వైపు కుట్టావు కదా. అది వేసుకోవడానికి పొద్దున ఎంత తిప్పలు పడ్డానో చెప్పా."

"నా గురించా?"

"ఇంకెవరి గురించి చెప్తా? నాకున్న కబుర్లన్నీ నువ్వేగా."

చెల్లి కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు తరగలేదు, కాబట్టి సాకు కూడా లేదు.

చెవుల డాక్టరు చూసి, పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అన్నాడు. ఇప్పుడు షెడ్డులో మేకులన్నీ ఖాళీ. మగ్గం గొంతు మారితే చేత్తో తడిమి తెలుసుకుంటున్నాం.

మరుసటి సెలవుకి పొయ్యి బల్ల జరపాలి, ఒక చెయ్యి వెయ్యి అని బావ పిలిస్తే వెళ్ళాను. వండేటప్పుడు చెల్లి మొహం గదిలోకి తిరిగేలా పెట్టాలని తన ఆలోచన.

"అక్కడ పెడితే గాలికి మంట ఆరిపోతుంది," అంది చెల్లి, ఎదురుగా వచ్చి.

"కిటికీ మూద్దాం."

"మూస్తే పొగ మీరు మింగుతారా?"

"అయితే మిషన్ ఇటు, పొయ్యి అటు."

"మిషన్‌కి వెలుగొద్దా? మీ మగ్గం మీరు చీకట్లో నడుపుతున్నారా?"

"నువ్వు మెల్లిగా చెప్పు, పెదాలు అంత వేగంగా ఆడితే ఎలా?"

"ఇన్నాళ్ళది బాకీ ఉంది. వేగంగానే వస్తుంది."

బల్ల ఒక కొస పట్టుకుని కాసేపు నిలబడ్డాను. టీ ఏమైనా ఇస్తారేమోనని చూశాను. నేనక్కడ ఉన్నట్టే వాళ్ళకి గుర్తులేదు. బల్ల మెల్లిగా దించి, చెప్పులు వేసుకుని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే కూడా వాళ్ళ గొడవ వినపడుతూనే ఉంది.