సీసాలో మిగిలిన తడి

నేను ఒక మట్టిగడ్డను. మట్టిగడ్డకు ఆత్మకథేమిటని నవ్వొస్తోందా? నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. అద్దాల బీరువాలో పడి ఉన్నదాన్ని, ఇంతకంటే నాకు పనేముంది గనుక?

ముందే ఒక మాట చెప్పాలి. నేను మీరెరిగిన మట్టిని కాను. నల్లరేగడి నాకు చుట్టం కాదు. ఎర్రమట్టి ముఖం నేనెప్పుడూ చూడలేదు. నా ఒంట్లో దగ్గర దగ్గర సగం చచ్చిన మొక్కలే. కొల్లేటి అంచున తుంగలపాడు అనే చిన్న ఊరి పల్లంలో తుంగా, జమ్మూ, కిక్కిసా పెరిగేవి, పండేవి, నీళ్ళలోకి ఒరిగిపోయేవి. మనది వేడి దేశం. గట్టు మీద రాలిన ఆకు ఏడాది తిరక్కుండా ఆనవాలు లేకుండా పోతుంది. నీటి అడుగున మాత్రం గాలాడదు కాబట్టి కుళ్ళించే క్రిములకు అక్కడ పని సాగదు. అలా సగం కుళ్ళీ సగం కుళ్ళకా, ఏడాదికి గోరు మందం చొప్పున పేరుకుంటూ వచ్చాం. మూరెడు మందం కావడానికి అయిదారు వందల ఏళ్ళు పట్టింది. మీ వాళ్ళు రాజ్యాలు మార్చుకుంటుంటే మేం మందం పెరుగుతున్నాం.

నా కడుపులో ఒక గుట్టు కూడా ఉంది. చాలా కాలం కిందట సముద్రపు ఉప్పునీరు మా దాకా వచ్చిపోయేది. అది వెళ్తూ వెళ్తూ ఇనుమూ గంధకమూ కలిసిన దినుసొకటి నాలో వదిలిపెట్టింది. తడిగా ఉన్నన్నాళ్ళూ అది నిద్రపోతుంది. ఎండబెట్టి గాలి తగలనిచ్చారో, లేచి ఆమ్లమై కూర్చుంటుంది. అప్పుడు గడ్డి కూడా నాలో మొలవదు.

ఈ సంగతి పుస్తకాల్లో చదవకుండానే తెలుసుకున్న మనిషి నాంచారమ్మ. బలే అనే ఇంటిపేరు గలవారి ఆడపడుచు. పడవ తిరగబడి తన పెనిమిటి పోయాక, ఆ పల్లంలో ఎకరన్నర చేత్తో బాగుచేసుకుని ఏటా ఒక్క కారు వరి పండించుకునేది. వరి కోసేటప్పుడు కూడా మడి పూర్తిగా ఆరనిచ్చేది కాదు. తుంగలపాడులో ఒక ఆచారముంది. కోత అయిపోగానే గట్టుకు గండికొట్టి కొల్లేటి నీళ్ళు మడిలోకి తిప్పుతారు. ఆ నీళ్ళు మడి నాలుగు మూలలకూ అందేదాకా వడ్ల కుప్ప కళ్ళం దాటి ఇంటికి పోదు. ఎంత వానొచ్చేలా ఉన్నా సరే, ముందు నేలకు నీళ్ళు, తర్వాతే మనిషికి గింజ. నాంచారమ్మ కుప్ప పక్కన చెంగు నడుముకు దోపుకుని నిలబడి, నీళ్ళు నాలుగో మూలకు చేరేదాకా చూసేది. ఆ నిలబడటం చూస్తే నాకు గర్వంగా ఉండేది. మమ్మల్ని అంత మర్యాదగా చూసినవాళ్ళు మరొకరు లేరు.

అంతలో ప్రభుత్వం వారికి మా మీద దయ కలిగింది. ఆ పల్లపు భూముల్లో సాగుకు పనికొచ్చేవి దున్నుకునేవాళ్ళకే పట్టాలిస్తారట. పనికిరానివి చేపల చెరువులకు వేలం వేస్తారట. ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో తేల్చడానికి జిల్లా కేంద్రంలోని మట్టి పరీక్షల ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు చిరంజీవిరావు గారు, అధికారి. మంచివారు, నిక్కచ్చి మనిషి, పుస్తకంలో లేనిదే తుమ్మడానికి కూడా జంకుతారు. రెండోవాడు దేవసహాయం, గుంటలు తవ్వే ఫీల్డ్‌మాన్. పుస్తకం చదవలేదు గానీ పాతికేళ్ళుగా మట్టి పిసికినవాడు.

దేవసహాయం నాంచారమ్మ మడిలో గుంట తవ్వి నన్ను పెళ్ళగించాడు. టేపు పెట్టి నా మందం కొలిచారు. నలభై సెంటీమీటర్లు దాటితేనే నాకు వేరే కులమట, నలభై అయిదు వచ్చింది, గండం గడిచింది. తర్వాత నాలో కొంత పిడికిట్లో పెట్టి పిండాడు. పిండితే తేటనీళ్ళు కారి పీచంతా చేతిలో మిగిలితే పచ్చి రకం. వేళ్ళ సందుల్లోంచి మొత్తం వెన్నలా జారిపోతే బాగా మాగిన రకం. నేను సగం జారి సగం మిగిలాను.

"నడిమి రకవండీ అయ్యగారూ," అన్నాడు దేవసహాయం.

చిరంజీవిరావు గారు చేతిలోని ఫారం చూసుకున్నారు. నల్లరేగడి, ఎర్రమట్టి, ఇసుక, చవుడు, ఇతరములు అని గళ్ళున్నాయి. నిట్టూర్చి 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టారు. అయిదారు వందల ఏళ్ళ బతుకు ఆ గడిలో సర్దుకుపోయింది.

నన్ను గుడ్డసంచిలో వేస్తుంటే నాంచారమ్మ గట్టు దిగి వచ్చింది.

"ఈ మట్టిని ఏం సేస్తారు బాబుగారూ?"

"ఆఫీసుకు తీసుకెళ్ళి నీడలో ఆరబెట్టి, దంచి, జల్లించి పరీక్ష చేస్తామమ్మా."

"ఆరబెట్టమాకండి బాబూ! ఆరితే ఇది సచ్చిపోద్ది. సచ్చినదాన్ని సూసి ఇది ఇంతేనని రాత్తారా?"

"ఏ మట్టినైనా ఆరబెట్టే చూస్తామమ్మా. పద్ధతి అది," అన్నారాయన, విసుక్కోకుండానే. జీపు వైపు నడిచారు.

నాంచారమ్మ దేవసహాయం వైపు తిరిగింది. "తమ్ముడూ, నువ్వన్నా ఒక ముక్క తడిగా ఉంచు. నీకు దణ్ణం పెడతాను."

అతను గడ్డను రెండుగా విరిచాడు. ఒక సగాన్ని సంచిలో వేశాడు. రెండో సగాన్ని, అంటే నన్ను, తన అన్నం బుట్టలో ఉన్న ఊరగాయ సీసాలో కూరి, కాలవ నీళ్ళు అంచుదాకా నింపి మూత బిగించాడు. ఆఫీసుకు వెళ్ళాక మూత చుట్టూ మైనం కూడా పోశాడు. రిజిస్టరులో మాత్రం 'నమూనా పూర్తిగా ఆరబెట్టడమైనది' అని రాశాడు. పుస్తకానికి విరుద్ధంగా ఒక గడ్డను దాచానని ఏ ఫీల్డ్‌మాన్ రాస్తాడు?

అలా మొదలైంది నా చెర. సిరా బుడ్లకూ ఆసిడ్ సీసాలకూ మధ్య, బీరువాలో అడుగు అరలో. అటూ ఇటూ కదిలే వీల్లేదు. గాజులోంచి అన్నీ కనిపిస్తాయి, ఒక్కటీ అందదు. ఊపిరాడకపోవడం నాకు కొత్త కాదు, నీటి అడుగున అదే నా ప్రాణం. అయితే అక్కడ ఆకాశం ఉండేది, వేళ్ళు నాలోకి దిగేవి, కొంగలు తొక్కేవి. ఇక్కడ నా మీద ఇంకా మామిడికాయ ఊరగాయ వాసన.

ఎదురుగా కిటికీ పక్కన బల్ల మీద నా రెండో సగం ఆరుతూ ఉండేది. మామూలు మట్టి మూడు రోజుల్లో ఆరుతుంది. మేం నీళ్ళను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. చిరంజీవిరావు గారు రోజూ వచ్చి వేలితో నొక్కి, "ఇంకా తడిగానే ఉందోయ్, ఉండనీ," అనేవారు. అలా నాలుగు వారాలు. ఆయన జాగ్రత్తే మా కొంప ముంచింది. నా తోబుట్టువు రోజురోజుకూ ముడుచుకుపోయి, బీటలిచ్చి, చివరికి దాని మీద పసుపు మరకలు లేచాయి. ఆ పసుపు చూసి నాకు వణుకు పుట్టింది. కడుపులోని దినుసు లేచిందన్నమాట. "అయ్యా, ఇక చాలు!" అని అరవాలనిపించింది. మట్టి అరుపు ఎవరికి వినిపిస్తుంది?

దాన్ని దంచారు, జల్లించారు. చెంచాడు తీసి కొలిమిలో కాలిస్తే నూటికి నలభై పాళ్ళు పొగైపోయింది. నీళ్ళలో కలిపి పులుపు కొలిచే మీటరు పెడితే ముల్లు మూడు దగ్గర ఆగింది. ఏడుకు ఎంత తగ్గితే అంత పులుపట. చిరంజీవిరావు గారు కళ్ళద్దాలు తుడుచుకుని మూడుసార్లు చూసి, శుభ్రమైన దస్తూరీతో రాశారు: 'తీవ్రమైన ఆమ్ల నేల. సాగుకు పనికిరాదు.' అదే మాట ఒక చీటీ మీద రాసి నమూనా నంబరు వేశారు. నంబరు ఇద్దరికీ ఒకటే కదా. రెండు నెలలకు నాంచారమ్మకు నోటీసు వెళ్ళింది.

విచారణ రోజు ఆమె ఆఫీసుకు వచ్చింది. ఉతికిన చీర, చేతిలో నోటీసు, మొహంలో నెత్తురు లేదు. ఆ ఎకరన్నర పోతే ఆమెకు ఇంకో బతుకుతెరువు లేదు. తన మడి మీదే ఎవరిదో చేపల చెరువుకు కూలికి పోవాలి.

"నా పొలం పులుపంటన్నారంట. ఇరవై ఏల్లుగా దాని బువ్వే తింటన్నాను బాబుగారూ. పుల్లంగా ఒక్క మెతుకు తగల్లేదు."

"మీటరు అబద్ధం చెప్పదమ్మా," అన్నారు చిరంజీవిరావు గారు. ఆయన గొంతులో జాలి ఉంది. వేలిముద్ర వేయాల్సిన కాగితం ఆమె ముందుకు జరిపారు. ముద్ర వేస్తే పొలం వదులుకున్నట్టే.

దేవసహాయం బీరువా పక్కనే నిలబడి ఉన్నాడు. తాళంచెవి అతని జేబులోనే ఉంది. నేను అతని మోకాలి ఎత్తులో ఉన్నాను. నన్ను బయటికి తీస్తే రిజిస్టరులో తను రాసింది అబద్ధమని ఒప్పుకోవాలి. రిటైరు కావడానికి మూడేళ్ళుంది, కూతురి నర్సు చదువు సగంలో ఉంది. నాకు అతని చెప్పులు, జేబులోని తాళంచెవిని తడుముతున్న వేళ్ళు కనిపిస్తున్నాయి. నాంచారమ్మ బొటనవేలు సిరాదిండు మీద ఆనింది. నా అంత నిస్సహాయమైనది ఆ గదిలో మరొకటి లేదు. నా ఒంట్లో సాక్ష్యముంది, నోరు లేదు, మూతకు మైనం.

తాళం గిర్రున తిరిగింది.

"అయ్యగారండీ, తప్పు నాదేనండి. సగం దాసేనండి. ఇది తడి ఆరలేదండి. దీన్ని కూడా సూడండి," అంటూ నన్ను బల్ల మీద పెట్టాడు.

చిరంజీవిరావు గారి ముఖం ఎర్రబడింది. ఒక్క నిమిషం ఆయన తిట్టిపోస్తారనే అనుకున్నాను. కానీ పరీక్షకు వచ్చినదాన్ని పరీక్షించకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పని కాదు. చాకుతో మైనం గీశారు. మూడు నెలల పైచిలుకు తర్వాత నాకు గాలి తగిలింది. మీటరు నాలో గుచ్చారు. ముల్లు కదిలి, కదిలి, ఆరు దాటి ఆగింది. మరోసారి గుచ్చారు. మళ్ళీ అంతే.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. చాలాసేపు ఎండిన పొడినీ నన్నూ మార్చి మార్చి చూశారు. "దేవసహాయం, పాడుచేసింది నేనే, పాడైందని రాసిందీ నేనేనయ్యా," అన్నారు. పాత కాగితం చింపి కొత్తది రాశారు: 'సేంద్రియ నేల. తడి ఆరనివ్వనంత కాలం వరికి యోగ్యం.' నాంచారమ్మ సిరా అంటిన బొటనవేలు చెంగుకు తుడుచుకుని, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నాకూ ఏడవాలనే ఉంది. నాలో ఉన్న నీళ్ళన్నీ కన్నీళ్ళే అనుకోండి.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! పట్టా వచ్చింది. రిజిస్టరులో తప్పు రాసినందుకు దేవసహాయాన్ని ఎక్కడో మెట్ట ప్రాంతానికి బదిలీ చేశారు. చిరంజీవిరావు గారు పైకి ఎంత రాసినా ఆ ఉత్తర్వు ఆగలేదు. మీటరు గుచ్చేటప్పుడు నన్ను సీసాలోంచి తీసి, నంబరు వేసిన పింగాణీ పళ్ళెంలో పెట్టారు, తిరిగి సీసాలో పెట్టేవాడే లేకపోయాడు. పళ్ళెం కిటికీలో ఉండిపోయింది. ఎండ వచ్చేది, గాలి వచ్చేది, అందరూ నా పక్కనుంచే టీలు తెచ్చుకునేవారు. ఒక్క గుక్కెడు పోస్తే చాలునని ప్రతి గ్లాసు వైపూ చూశాను. ముడుచుకున్నాను. బీటలిచ్చాను. ఒకరోజు నా మీద కూడా పసుపు లేచింది.

కొన్నేళ్ళకు ఆఫీసులో మట్టి మ్యూజియం పెట్టారు. చిరంజీవిరావు గారు అప్పటికి ఆ ఆఫీసులో లేరు. కొత్తవాళ్ళు పళ్ళెం మీది నంబరు చూసి, అప్పుడు ఎవరూ చింపని పాత చీటీ వెతికి, నా ముందు అతికించారు.

మొన్న రైతులకు మ్యూజియం చూపించే రోజున నాంచారమ్మ వచ్చింది. నడుం వంగింది, నడక మాత్రం అదే. ఒక్కో అరా చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగింది. ఎలా గుర్తుపట్టిందో నాకు తెలియదు. కన్నబిడ్డను పట్టుకున్నట్టు అద్దం పట్టుకుంది.

"ఇది మా తుంగలపాటి మట్టి కాదూ? ఈ కాయితంలో ఏం రాశారమ్మా?"

అక్కడి ఉద్యోగిని చదివింది. "తీవ్రమైన ఆమ్ల నేల. సాగుకు పనికిరాదు."

నాంచారమ్మ అద్దం తీయించింది. పాపం ఆ అమ్మాయి కాదనలేకపోయింది. నాంచారమ్మ తన నీళ్ళ సీసా మూత తీసి, నా మీద వంపింది. ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన నీళ్ళు! అవి నా మీద ముత్యాల్లా దొర్లి పక్కకు జారిపోయాయి. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. ఒకసారి పూర్తిగా ఎండిపోయాక మా జాతి నీళ్ళు తాగడం మరిచిపోతుంది. పళ్ళెంలో నిలిచిన నీళ్ళ మీద నేను బెండులా తేలాను.

ఆమె నన్ను వేలితో ముంచి చూసింది. వదలగానే మళ్ళీ పైకి తేలాను.

"ఇట్టా కూసోబెడితే ఎవురైనా ఇంతేనమ్మా," అంది ఆ అమ్మాయితో. "నన్ను ఇన్నేల్లు ఎండబెట్టి కొలవండి, నాకూ ఇదే రాత్తారు." చెంగుతో బల్ల మీద నీళ్ళు తుడిచి, పొద్దుపోతోంది, మడికి నీళ్ళు తిప్పాలంటూ వెళ్ళిపోయింది.

అద్దం మళ్ళీ మూశారు. తుంగలపాడులో నా వాళ్ళు ఈపాటికి నాలుగు మూలలా తడిసి ఉంటారు. నా ముందున్న చీటీ అలాగే ఉంది. రాసిన రోజున అది అబద్ధం. ఇప్పుడు మీరొచ్చి మీటరు గుచ్చి చూడండి, ముల్లు మూడు దగ్గరే ఆగుతుంది.