ఎక్కువైన పది రూపాయలు

నవంబరు ఒకటో తేదీ పొద్దున మా ఆయన కేశవులు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పాత బిస్కెట్ల డబ్బాలో పదిహేను వందలు పెట్టి మూత వేశాడు. "ఈ నెలకు ఇంతే. దీంట్లోనే ముప్పై దినాలు గడవాల" అన్నాడు. నేను మూత తీసి చూశాను. మళ్ళీ మూత వేశాను. అంతకంటే చేసేదేముంది?

మాది మైదుకూరు. కర్నూలు రోడ్డు మీద కిరాణా కొట్టు, వెనక వీధిలో ఇల్లు. కూతురు హిమబిందును కర్నూలుకిచ్చాం కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. ఆ ఏడు, అంటే రెండు వేల రెండులో, వానలు మొహం చాటేశాయి. పసుపు చేలోనే ఎండింది. వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనం ఖర్చు కూడా రాలేదు. రైతులు కొట్టుకొచ్చి అరువు తీసుకుపోతారు, తీర్చడానికి మాత్రం రారు. వాళ్ళననీ లాభం లేదు, ఉంటే ఇవ్వరా! ప్రొద్దుటూరులో మాకు సరుకు వేసే హోల్‌సేల్ ఆసామికి మాత్రం ఈ కథలు పట్టవు. ముప్పయ్యో తేదీకి పద్దెనిమిది వేలు కట్టకపోతే డిసెంబరులో మా కొట్టుకు బెల్లం ముక్క కూడా రాదని చెప్పి పంపించాడు. అందుకని కొట్టులో వచ్చే రూపాయి ప్రొద్దుటూరుకు, ఇంటికి పదిహేను వందలు.

సొంత కొట్టుంది కదా, ఉప్పూ పప్పూ ఊరికే వస్తాయి కదా అని అందరూ అనుకుంటారు. వాళ్ళకు మా మామగారు తెలియదు. కొట్టు వేరు, ఇల్లు వేరు అని ఆయన పెట్టిన పద్ధతి. నేను పావుకిలో కందిపప్పు తెచ్చుకున్నా చీటీ రాయాలి, డబ్బాలోంచి డబ్బు తీసి కొట్టు గల్లాలో వేయాలి. సొంత కొట్టులో నేను బేరం ఆడలేని గిరాకీని, అంతే తేడా.

రోజూ దీపాలు పెట్టే వేళకు ఆయన కొట్టు మూసి ఇంటికొస్తాడు. కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చుని, ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం తెరుస్తాడు. అది ఇంటి చిట్టా. నేను వంటింట్లోంచే ఆ రోజు ఖర్చు చెప్తాను, ఆయన రాస్తాడు. తర్వాత డబ్బా విప్పి మిగిలింది ఎంచుతాడు. పుస్తకం ఎంతంటే డబ్బాలో అంత ఉండాలి. చిట్టా గానీ డబ్బు ఎంచడం గానీ ఆడవాళ్ళ పని కాదు. అదీ మా మామగారి పద్ధతే. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నేను చూసినంతవరకూ మా ఆయన లెక్క అర్ధరూపాయి కూడా తప్పలేదు. ఊళ్ళో వాళ్ళు ఆయన ఎంగిలి చేత్తో కాకిని తోలడని అంటారు. కాకి సంగతేమో గానీ, తోలితే మాత్రం చిట్టాలో రాసేవాడు.

ఆ నెల ఎట్లా గడిపామో చెప్తే నవ్వుతారు. గ్యాసు బండ మూలన పెట్టి వేరుశనగ పొట్టు పొయ్యి బయటికి తీశాను. నూనె సీసాకు దారం కట్టాను, రోజుకు ఒక వేలి మందం కంటే దిగకూడదు. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం చారు, రాత్రికి అదే చారు. దీపావళికి కొట్టులో లక్ష్మీపూజ చేశాం గానీ చిట్టాలో టపాకాయల పద్దు లేదు. పక్కింటి గురమ్మ మతాబు వెలిగిస్తుంటే ఆయన గడప మీద నిలబడి చూసి, "ఊరికే చూస్తే దుడ్లు అడగరుగదా" అన్నాడు. ఇదంతా నాకు కష్టమనిపించలేదు. కరువులో పుట్టి కరువులో పెరిగినవాళ్ళం.

ఐదో తేదీన మాత్రం ఒళ్ళు మండింది. ఆయన చొక్కా ఉతకడానికి జేబు చూస్తే బీపీ మాత్రల అట్ట దొరికింది. ఆ పాటికి అయిపోయి ఉండాల్సిన మాత్రలు సగం మిగిలున్నాయి. ఒక మాత్రను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను కాగితంలో చుట్టి పెట్టుకున్నాడు.

"ఇదేంది?" అన్నాను.

"దినం మార్చి దినం వేసుకుంటాండా. నాకేమీ కాలేదుగదా" అన్నాడు.

"డాక్టరు చెప్పినాడా?"

"డాక్టరు ప్రొద్దుటూరుకు దుడ్లు కడతాడా?" అన్నాడు.

ఇంక ఆ మనిషితో మాట్లాడి లాభం లేదు. డబ్బాలో నాలుగు రూపాయలు ఎక్కువ కనిపిస్తే తనే మాత్రలు తెచ్చుకుంటాడని అనుకున్నాను. మరునాడు మధ్యాహ్నం పెరటి తలుపు తీసుకుని జ్ఞానమణి ఇంటికి పోయాను. జ్ఞానమణి మా వెనక సందులో మిషన్ కుడుతుంది. చీరలకు ఫాల్ చేతికుట్టు వేయడానికి ఆమెకు మనిషి కావాలి.

"మీరెందుకు శెట్టెమ్మా ఈ పని?" అంది. "నీకెందుకు, చీర ఇయ్యి" అన్నాను. చీరకు పది రూపాయలు. శెట్టి ఇంటి ఆడది కూలికి కుట్టిందంటే మా వాళ్ళలో తల ఎత్తుకోలేం కాబట్టి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. తెచ్చిన డబ్బు తెచ్చినరోజే, ఆయన రాకముందే డబ్బాలో వేసేదాన్ని. దగ్గర పెట్టుకుంటే పట్టుబడతానని భయం. డబ్బు తగ్గితే అడుగుతారు గానీ పెరిగితే ఎవరడుగుతారు? నా తెలివి అంతవరకే పోయింది.

ఆ సాయంత్రం ఆయన డబ్బా ఎంచాడు. మళ్ళీ ఎంచాడు. చిట్టా వెనక్కి తిప్పి ఒకటో తేదీ నుంచి కూడుకుంటూ వచ్చాడు.

"ఏమే, పది రూపాయలు ఎక్కువుండాది."

"ఉంటే మంచిదేగదా" అన్నాను పొయ్యి ఊదుతూ.

"మంచిదేంది? లెక్క తప్పింది. నువ్వేమన్నా తీసినావా?"

"తీయలేదు." అది నిజమే. పెట్టినావా అని అడగలేదు, అడిగితే ఏం చెప్పేదాన్నో. ఇంట్లోవాళ్ళు డబ్బాలో డబ్బు పెడతారన్న ఆలోచన ఆయనకు ఎందుకొస్తుంది, ఏ రోజూ జరగనిది!

ఎనిమిదో తేదీన ఇరవై. పదకొండున ఇరవై. నేను వేస్తున్నాను, ఆయన వెతుకుతున్నాడు. నాకు మొదట్లో నవ్వొచ్చింది, దాచను. తక్కువైతే ఏడ్చేవాళ్ళను చూశాను గానీ ఎక్కువైందని అన్నం మానేసేవాణ్ణి చూడలేదు. పద్నాలుగున పది వేశాను. ఆ రాత్రి ఆయన పెరుగన్నం కూడా తినకుండా లేచాడు. మాత్రలు తెచ్చాడా అంటే అదీ లేదు. చిట్టాలో మాత్రల పద్దు నేను చెప్పలేదు, ఆయన రాయలేదు.

పదిహేనో తేదీ నుంచి కొత్త సంగతి మొదలైంది. పొద్దున స్నానాల గదిలోంచి ఎక్కాలు వినపడేవి. పదిహేడో ఎక్కం. "పదిహేడు ఆరుల నూట రెండు, పదిహేడు ఏళ్ళ నూట పంతొమ్మిది..." చివరిదాకా పోయి, మళ్ళీ మొదటినుంచి. చెంబుతో నీళ్ళ చప్పుడు ఉండదు, ఎక్కం ఒక్కటే. అరవై ఏళ్ళ మనిషి బడిపిల్లోడి మాదిరి ఇదేమి సోద్యమని నేను పట్టించుకోలేదు. పదిహేడున ఇరవై వేశాను. ఇరవై రెండున మూడు చీరలు కుట్టి ముప్పై వేశాను. వేళ్ళకు సూది పొడుచుకుని కాయలు కట్టాయి, ఆయన చూడలేదు.

ఇరవై ఐదో తేదీ సాయంత్రం ఆయన చిట్టా తెరవలేదు. చాప మీద ఊరికే కూర్చున్నాడు.

"రాఘవకు ఫోన్ చేసినా. ముప్పైకి రమ్మన్నా" అన్నాడు. రాఘవేంద్రప్రసాద్ అంటే ప్రొద్దుటూరులో ఉండే మా బావగారి కొడుకు.

"ఎందుకు?"

"ప్రొద్దుటూరు బాకీ కట్టేసి కొట్టు తాళాలు వానికి ఇస్తా. ఇంక వాడే చూసుకుంటాడు."

గరిటె పక్కన పెట్టేశాను. "మీకేమైంది?"

"మా అన్నకు ఎట్లా మొదలైందో మర్చిపోయినావా" అన్నాడు.

మర్చిపోలేదు. మా బావగారు మహానందయ్య ప్రొద్దుటూరులో బియ్యం వ్యాపారం చేసేవాడు. మొదట ఆయన లెక్కలో ఆరు రూపాయలు తేడా వచ్చింది. నవ్వుకున్నారు. తర్వాత పది, తర్వాత ఇరవై. ఏడాది తిరిగేసరికి డబ్బు ఇచ్చేసిన సరుకుకే మళ్ళీ మళ్ళీ కట్టాడు. రెండేళ్ళకు కన్నకూతుర్ని నువ్వెవరమ్మా అన్నాడు. తాళాలగుత్తి పట్టుకుని బస్టాండులో కూర్చునేవాడు, ఎవరో ఇంటికి తెచ్చి దిగబెట్టేవారు.

"నా లెక్క తప్పిన దినం నా చేతిలో తాళాలు ఉండగూడదని మా అన్న పోయిననాడే అనుకున్నా" అన్నాడు. "ఈ నెలలో ఏడుసార్లు తప్పింది. ఎంత వెతికినా దొరకలేదు. ఎక్కాలు చెప్పుకుంటాండా, అవి బాగానే వస్తాండాయి. అన్నకు కూడా ఎక్కాలు కడదాకా వచ్చినాయంట."

లేచి దేవుడి గూట్లోంచి ఒక కాగితం పొట్లం తెచ్చి నా ముందు విప్పాడు. అన్నీ పది రూపాయల నోట్లు, పన్నెండు. నేను వేసినవే. ఒక్కటీ వాడలేదు.

"ఎందుకు ఖర్చు పెట్టలేదు?" అన్నాను.

"లెక్కలో లేని రూపాయి మనది ఎట్లయితాది?" అన్నాడు.

ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. మాత్రల కోసమని నేను వేళ్ళు పొడుచుకుంటే, ఆ డబ్బు దేవుడి గూట్లో నిద్రపోతోంది. ఈయన సగం మాత్ర మింగి మతి పోయిందని పదిహేడో ఎక్కం అప్పజెప్పుకుంటున్నాడు. వెళ్ళి ఎదురుగా కూర్చుని, జ్ఞానమణి సంగతీ, చీరల సంగతీ మొత్తం చెప్పేశాను. వేళ్ళు చూపించాను.

తిడతాడనుకున్నాను. శెట్టి ఇంటి పరువు అంటాడనుకున్నాను. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే చూశాడు. తర్వాత చిట్టా తెరిచి పెన్ను తీశాడు.

"తేదీలు చెప్తా, అవునో కాదో చెప్పు" అన్నాడు. ఆయన గొంతులో ఇన్నిరోజులుగా లేని జీవం వచ్చింది. "ఆరో తేదీ, పది."

"అవు."

"రాజ్యలక్ష్మమ్మ జమ, పది" అని పైకి చదువుతూ రాశాడు. నా పేరు ఆ పుస్తకంలో పడడం అదే మొదటిసారి. "ఎనిమిది, ఇరవై."

"అవు."

పదకొండు, పద్నాలుగు, పదిహేడు. ఒక్కొక్కటి రాస్తుంటే ఆయన వీపు నిటారుగా అవుతోంది.

"పంతొమ్మిది, పది."

పంతొమ్మిది కార్తీక పున్నమి. ఆ రోజు ఉపవాసం. పొద్దంతా గుడిలో, సందేళ వత్తులు వెలిగించి ఇంటికొచ్చాను. సూది ముట్టలేదు, జ్ఞానమణి సందులోకే పోలేదు. నేను వేసింది ఆరుసార్లే, నూట పది. పొట్లంలో ఉన్నది నూట ఇరవై.

పది రూపాయలు. ఎవరికైనా తప్పుతుంది. గురమ్మ ఇంట్లో పూటకొకటి తప్పుతుంది. కానీ ఈ మనిషికి ముప్పై నాలుగేళ్ళలో తప్పలేదు. ఆయన పెన్ను పట్టుకుని నా మొహం చూస్తున్నాడు.

"అదీ నేనే" అన్నాను.

"పంతొమ్మిది పున్నమిగదా. ఆ పొద్దు నువ్వు గుడిలోనే ఉంటివే."

"పోయేముందు వేసినా. ముందుదినం దుడ్లు."

ఆయన వెంటనే రాయలేదు. తర్వాత తల వంచుకుని, పైకి చదవకుండా, రాజ్యలక్ష్మమ్మ జమ, పది అని రాశాడు. ఇరవై రెండో తేదీ ముప్పై కూడా రాసి, కింద గీత గీసి కూడాడు. పుస్తకమూ డబ్బూ సరిపోయాయి.

"ముందు మాత్రలకు రాయండి" అన్నాను.

"రాస్తాలే. రేపు తెచ్చుకుంటా." చిట్టా మూశాడు. "రాఘవను ఇప్పటికి రావద్దని చెప్తా."

'ఇప్పటికి' అన్నాడు. పొయ్యి మీద చారు పొంగుతుంటే లేవబోయాను.

"కూర్చో" అన్నాడు. బిస్కెట్ల డబ్బా నా ముందుకు జరిపాడు. "రేపటి నుంచి నువ్వు ఎంచు, నేను రాస్తా. యాడన్నా తప్పు పోతే నాకు చెప్పు. దాచొద్దు."

సరేనన్నాను. మూత తీసి ఎంచాను. తర్వాత, ఆయన చూస్తుండగానే, ఇంకొకసారి ఎంచాను.