గట్టుచేనిలో నిమ్మడొప్పలు

కొండగట్టు కింద తన చేనిలో, రాతిబండ మీద పిండేసిన నిమ్మడొప్పలు మళ్ళీ కనిపించేసరికి వసంతమ్మ వంగి చూసింది. పసుపు లేదు, కుంకుమ లేదు, కోడి ఈకలు లేవు. ఉత్త నిమ్మడొప్పలు. పక్కనే మేకుతో గీకినట్టు తెల్లటి గీతలు. నిధులు తవ్వేవాళ్ళు పక్క ఊరిలో ఒకరి చేనిలో ఇట్లాగే నిమ్మకాయలతో మొదలుపెట్టి, చివరికి మనిషి లోతు గుంట తీసి పోయారని ఆమె విన్నది.

అంతకంటే ఎక్కువ కలవరపెట్టింది మరిది నాగేంద్ర మాట. ఇన్నేళ్ళూ ఆ చేను ముఖం చూడని మనిషి మొన్న ఉన్నట్టుండి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"వదినా, ఆ గట్టుచేను నాకియ్యి. కింద నా బోరు చేను నువ్వు తీసుకో. ఒంటి మనిషివి, ఆ రాళ్ళల్లో ఏం పడతావు చాకిరీ?"

సొంత అన్న చనిపోయిన ఏడాది, వదిన ఒక్క తడికి నీళ్ళు అడిగితే "మోటారు కాలిపోయింది" అని మొహం తిప్పుకున్నవాడు. ఇప్పుడు బోరుతో సహా చేనే ఇస్తానంటున్నాడు. నీళ్ళున్న చేను చేతికొస్తే నాలుగు చీనీ చెట్లు పెట్టుకుని బత్తాయిలు అమ్ముకోవచ్చు. కూలికి పోయే బాధ తప్పుతుంది. కానీ బండ కింద ఏముందో తెలియకుండా సంతకం పెడితే రేపు ఊరంతా తనను చూసి నవ్వుతుంది.

"ఆదివారం పోనీ, చెప్తా" అంది వసంతమ్మ. ఆ డొప్పలు పడేది ఆదివారాలే అని ఆమె కనిపెట్టింది.

ఆదివారం పొద్దున్నే కొడవలి పట్టుకుని రేగిపొద వెనక కూర్చుంది. వేంపల్లె నుంచి మౌలాలి నడిపే ఆటో రోడ్డు మీద ఆగింది. తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన దిగి, సంచి భుజాన వేసుకుని నేరుగా బండ దగ్గరికొచ్చాడు. ముందు చుట్టూ చూశాడు. దొంగచూపే, అనుకుంది. ఆయన మేకుతో బండను గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండాడు. తర్వాత మోకాళ్ళ మీద వంగి, చెవి బండకు ఆనించి, చిన్నపిల్లోడిలా కిలకిలా నవ్వాడు.

"ఎవరప్పా నువ్వు? నా చేన్లో ఏం చేస్తాండావు?"

ఆయన ఉలిక్కిపడి కొడవలి వంక చూశాడు. "నా పేరు ఆదినారాయణ శెట్టి తల్లీ. ప్రొద్దుటూరు. బంగారంగడి మాది."

బంగారం అనే మాట వినగానే ఆమె పిడికిలి బిగిసింది. "బంగారం అమ్మేటోడికి రాళ్ళతో ఏం పని?"

"పొద్దస్తమానం బంగారం చూసి చూసి కండ్లు మొద్దుబారిపోతాయి. వారానికొకనాడు రాళ్ళను చూస్తే తెరుచుకుంటాయి. జమ్మలమడుగు దిక్కు, పులివెందుల దిక్కు నేను తిరగని గట్టు లేదు. ఇట్లా రా, ఇది విను."

కొడవలి వదలకుండానే వంగింది. నిమ్మరసం పడిన పొడిలో సన్నని బుడగలు, చుర్రుమని చిన్న సవ్వడి.

"రాతిలో ఈ వంకర గీతలు చూడు. క్యాబేజీని నిలువునా కోసినట్టు లేదూ? దీనికి క్యాబేజీ తోటని పేరు పెట్టినా. ఆ పక్కది ఉల్లిగడ్డల మడి" అన్నాడు శెట్టి సంబరంగా. "ఇదంతా పాచి తల్లీ. మనుషులు, చెట్లు, ఆఖరికి చేపలు కూడా పుట్టనప్పుడు ఈడ సముద్రముండేది. పాచి మీద ఒండ్రు, ఒండ్రు మీద పాచి పేరుకుని సున్నపురాయైంది. అందుకే పులుపు తగిలితే ఇట్లా పొంగుతుంది."

"కింద ఏముంది?"

"కిందా ఇదే. ఇంకా కిందా ఇదే."

"నువ్వొచ్చేది మా మరిదికి తెలుసా?"

"నాగేంద్రేనా? ఆయప్పకూ ఇదే చెప్పినా. అంతా విని, కన్ను కొట్టి, 'సరే శెట్టీ, తవ్వే రోజు నన్ను మరువొద్దు' అన్నాడు."

మరిది ప్రేమ ఎక్కడ పుట్టిందో వసంతమ్మకు అర్థమైంది. మరుక్షణమే ఇంకో అనుమానం. ఇద్దరూ కలిసి ఆడుతున్న ఆటైతే? పాచి అని ఈయన చెప్పాలి, చేను మరిది రాయించుకోవాలి. శెట్టి చేతులనే చూస్తూ కూర్చుంది. ఆయన ఎత్తి చూసిన ప్రతి గుండురాయినీ మళ్ళీ అదే గుంటలో, అదే దిక్కుకు తిప్పి పెడుతున్నాడు.

"కింద తేళ్ళు కాపురముంటాయి తల్లీ. కప్పు పీకేసి పోతే ఎట్లా?"

సగం నమ్మింది. మిగతా సగం మధ్యాహ్నం బట్టలు ఉతుకుతుంటే కుదిరింది. సబ్బునురగ జారిన ఉతుకుబండ అంచున అవే వంకర గీతలు! పెండ్లైన కొత్తలో భర్త గట్టుచేని నుంచే బండి మీద తెచ్చి వేసిన బండ. కొడవలి మొనతో గీకి, నిమ్మకాయ పిండింది. చుర్రుమంది. ఈసారి పక్కన శెట్టి లేడు, మరిది లేడు. ఇన్నేళ్ళు బాదితే బండ నడుమ గుంత పడింది గానీ, ఆ గుంతలో ఒక్కనాడూ ఏదీ మెరిసింది లేదు.

సాయంత్రం నాగేంద్ర వచ్చాడు. ఆమె అతని కళ్ళముందే ఇంకోసారి గీకి చూపించింది.

"చూడు నాగేంద్రా, అంతా పాచి రాయే. వేరే ఏమీ లేదు. తెలిసి తెలిసి ముంచినావని రేపు నన్ననొద్దు."

అతను బుడగలను చూశాడు, ఆమె ముఖం చూశాడు. "ఇన్ని బండలుంటే అన్న దీన్నే ఎందుకు తెచ్చినాడు వదినా?"

"బట్టలుతికేదానికి!"

"అంతేనా?" గొంతు తగ్గించాడు. "అయితే కాగితంలో ఈ బండ కూడా రాయిద్దాం."

"మతి పోయిందా? నా బట్టలు నీ నెత్తి మీద ఉతకాల్నా?"

ఆ విసురుతో అతని అనుమానం ఇంకా గట్టిపడింది. నిజం చెప్పేకొద్దీ దాస్తున్నాననే అనుకుంటాడని ఆమెకు తెలిసిపోయింది. చెప్పవలసింది చెప్పింది. ఇక బతిమాలే పని లేదు.

"బండ ఇయ్యను. చేను కావాలంటే రేపే పులివెందుల పోదాం పద. ఒక్క మాట. ఆ శెట్టి వస్తే అడ్డం చెప్పొద్దు."

"అడ్డమా! ఆయప్ప రాకపోతే యాడ తవ్వాలో నాకెట్లా తెలుస్తుంది?" అనేసి నాలుక కరుచుకున్నాడు నాగేంద్ర.

రిజిస్టర్ ఆఫీసులో ఆమె సంతకం పెట్టేవరకు అతను రెప్ప వేయలేదు.

తర్వాతి ఆదివారం వసంతమ్మ బోరు చేనిలో నీళ్ళకు మడవ తిప్పుతూ పైకి చూసింది. గట్టు మీద శెట్టి నడుం వంచి తిరుగుతున్నాడు. వెనకాలే నాగేంద్ర, చంకలో కంపపుల్లల కట్టతో. శెట్టి ఆగిన చోటల్లా ఒక పుల్ల గుచ్చుతున్నాడు. శెట్టికి ప్రతి రాయి దగ్గరా ఆగే అలవాటు.