రెండేండ్లు చిన్నోడు

ఆటోలోంచి టమోటా క్రేటును భుజానికెత్తుకున్నప్పుడు గంగులయ్యకు మెడ వెనక వేడిగా ఏదో పాకింది. పొద్దున్నుంచీ అదే. పట్టించుకోలేదు. మదనపల్లె మార్కెట్ యార్డులో నేలంతా నలిగిన కాయల రసం. జారకుండా పాదం అడ్డంగా పెట్టి నడవాల. ఏండ్ల తరబడి అట్ల నడిచి నడిచే కాళ్లు వంకరపోయినాయి. నోట్లో ముందరి పండ్లు లేవు.

మండీ ముందర అన్న సుబ్రమణ్యం కనబడినాడు. కుప్పం బడిలో ఐవారుగా చేసి రిటైరైనాడు. పుంగనూరులో మనవరాలి పెండ్లికని టమోటాలు కొనేదానికి వ్యాను బాడుగకు తెచ్చుకున్నాడు. జామకాయ కరకరా కొరుకుతాండాడు. గంగులయ్య చూపు ఆ నోటి మీద నుంచి రాలేదు. డెబ్బై దాటినోడికి ఒక్క పన్నన్నా ఊడాల కదా.

ఒకడు సదవాల, ఒకడు గొర్లు కాయాల అన్నాడు ఆ కాలంలో నాయన. మూడో తరగతిలో బడి మాన్పించింది గంగులయ్యనే. నిన్న జరిగినట్టే మండుతుంది.

వ్యాను డ్రైవరు దగ్గరికొచ్చి, ఇద్దరి మొగాల పోలిక చూసి, "ఏం సార్, మీ నాయనకు ఈ వయసులో మోత యాల?" అన్నాడు.

సుబ్రమణ్యం నవ్వినాడు. "నా తమ్ముడప్పా. నాకంటే రెండేండ్లు చిన్నోడు."

డ్రైవరు నాలిక కరుచుకున్నాడు. గంగులయ్యకు వాని మీద కోపం రాలేదు. ఆ నవ్వు మీద వచ్చింది.

అన్న గొంతు తగ్గించినాడు. "బీపీ మాత్ర దినామూ మింగతాండావా?"

"మింగతాండాన్లే. నీ మాదిరి నీడలో కూర్చోని కాదు, అంతే."

అన్న కొరకడం ఆపినాడు. గంగులయ్యకు కొంచెం హాయిగా ఉండింది. అది చాల్లేదు. ఎప్పుడూ ఒక్క క్రేటు మోసేవాడు, అన్న కొన్న క్రేట్లను ఒకదాని మీద ఇంకొకటి పెట్టించుకున్నాడు. వద్దురా అన్నాడు సుబ్రమణ్యం.

"నువ్వు ఒగటన్నా ఎత్తు, సూద్దాం."

గంగులయ్య వ్యాను దాకా పోయినాడు. కాయ నలగకుండా రెండూ దించినాడు. తిరిగి అన్న మొహం చూసినాడు. చూసి, చక్రానికి ఆనుకొని కూర్చున్నాడు. దమ్ము తీసుకుంటాండాడనుకొని సుబ్రమణ్యం నీళ్లు తెచ్చినాడు. పిలిచినాడు. చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

గంగులయ్యను మట్టి చేసిన మరుసటి పొద్దున ఆయన పెండ్లాం సిద్దమ్మ ఒక మాత్రను రోటి అంచు మీద పెట్టి కత్తితో రెండు చేసింది. అదేమని సుబ్రమణ్యం అడిగినాడు.

"ఇద్దరికీ ఒకే జబ్బు కదా బావా. దినానికొకటి చెరిసగం మింగుతాంటిమి."

తన సగం మింగి నీళ్లు తాగింది. రోటి అంచు మీద రెండో సగం అట్లే ఉండిపోయింది.