అరవైమూడు నుంచి మొదలు

ఎక్స్‌రే సెంటర్లో కంప్యూటరు పెట్టె మూత తియ్యగానే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఫ్యాను రెక్కలకు బూజు, అడుగున రెండు చచ్చిన బొద్దింకలు, సందులో కుక్కిన బిస్కెట్ కాగితం.

"మనుషులేనా వీళ్ళు?" అని గొణుక్కుంటూ బ్రష్షు తీసింది. కంప్యూటర్లు బాగుచేసే ఈమెను అందరూ చిరాకక్క అంటారు. మొహం మీద అన్నా ఏమనుకోదు.

రెండు నెలల కిందట ఈ మిషన్లో కొత్త హార్డ్ డిస్కు పెట్టి లినక్స్ ఎక్కించింది ఆమె షాపులోనే పనిచేసే ఆమె చెల్లెలి మొగుడు. ఆనాటి నుంచి రిపోర్టు సేవ్ చెయ్యాలంటే తల ప్రాణం తోకకొస్తోంది. డాక్టరు అప్పుడే ఫోన్ చేశాడు. చిరాకక్క వచ్చి చూడకుండానే, "కొత్త డిస్కండీ, దానికేం రోగం? టైపు చేసేవాళ్ళని చూసుకోండి" అని పెట్టేసింది. డాక్టరు ఆ మాటే పట్టుకుని, యాభై దాటిన టైపిస్టును వెనకగదిలో పాత ఫిల్ములు సర్దడానికి పంపేశాడు. ఆ కుర్చీలో కూర్చోబెట్టిన కుర్రమ్మాయికీ మిషన్ అలాగే మొరాయించడంతో మళ్ళీ కబురు వచ్చింది.

దుమ్ము దులిపాక, వెయ్యి చిన్న ఫైళ్ళు రాయించి చూసింది. తన షాపులో పావు నిమిషం పట్టే పనికి ఇక్కడ రెండు నిమిషాలు. అనుమానం వచ్చి డిస్కు భాగాల పట్టిక తెరిచింది. డిస్కులోని చిన్న చిన్న అరల్లో, అంటే సెక్టార్లలో, మొదటి భాగం అరవైమూడోదాని దగ్గర మొదలైంది.

"ఛీ!" అంది పైకే. వెంటనే మరిదికి ఫోన్ చేసింది.

"కొత్త డిస్కుని అరవైమూడు నుంచి మొదలుపెట్టడమేంటయ్యా? ఇందులో ఎనిమిదేసి సెక్టార్లు కలిపి ఒక గది. అరవైమూడు దగ్గర మొదలెడితే రాసే ప్రతి ముక్కా రెండు గదుల మధ్య గోడ మీద పడుతుంది. డిస్కు ఆ రెండు గదులూ చదువుకుని, దిద్దుకుని, మళ్ళీ రాసుకుని చావాలి. ఎనిమిదితో తెగే అంకె, రెండువేల నలభైఎనిమిది పెడితే నీ సొమ్మేం పోయింది?"

"సరిగ్గా అమరలేదు, అయినా కానివ్వనా అని మిషనూ అడిగింది వదినా. పరవాలేదు, కానిమ్మన్నాను."

"ఎందుకన్నావ్?"

"మీరు రాసిచ్చిన కాగితంలో అరవైమూడే ఉంది కదా. ఉండండి, ఫోటో పంపుతాను."

ఫోటో వచ్చింది. వంకర అంకెలు, కింద రెండు గీతలు, 'మార్చొద్దు' అన్న హుకుం. అన్నీ తన చేతిరాతే. పాత డిస్కుల కాలంలో, అరవైమూడు సరిపోయే రోజుల్లో రాసిచ్చింది. ఆ తర్వాత తను పద్ధతి మార్చుకుంది కానీ, ఆ కాగితం మార్చి ఇవ్వాలని తోచలేదు. ఇందాకటి బొద్దింకల మీద పుట్టిన ఏవగింపు ఇప్పుడు తన మీదే పుట్టింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కొచ్చింది.

డేటా అంతా వేరే డిస్కులోకి ఎక్కించి, సరిచూసుకుని, భాగాలు చెరిపి, రెండువేల నలభైఎనిమిది నుంచి కొత్తగా చేసి, అంతా తిరిగి నింపేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి వెయ్యి ఫైళ్ళూ పావు నిమిషంలో రాసేసింది.

వెనకగదిలోకి వెళ్ళింది. టైపిస్టు నేలమీద కూర్చుని, ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫిల్ములు విడదీస్తోంది.

"తప్పు మీది కాదమ్మా, మాది. డిస్కు సరిగా పెట్టలేదు. చూడకుండా మీమీదికి తోసింది నేనే."

ఆమె చేతిలోని ఫిల్ము పక్కన పెట్టింది. "వేళ్ళు పడిపోతున్నాయేమో అనుకున్నానమ్మా" అంది. "పొద్దునా సాయంత్రం వేన్నీళ్ళలో ముంచుకుంటున్నాను. వేళ్ళు మొద్దుబారాయని మా ఆయన ఏవో మాత్రలు కూడా తెచ్చాడు."

చిరాకక్క వంగి ఆమె ముందున్న ఫిల్ముల కట్ట అందుకుంది.

"ఇప్పుడు నాతో అన్నది డాక్టరుగారితో అనండి" అంటూ టైపిస్టు లేచి చీర దులుపుకుంది. "అందరూ ఉండగా."

ముందుగదిలో డాక్టరుతో పాటు రోగులు, కుర్రమ్మాయి, ఎక్స్‌రే తీసే అతనూ ఉన్నారు. చిరాకక్క ఒక్క మాటా మింగకుండా, కాగితంతో సహా అంతా చెప్పింది. డాక్టరు దగ్గాడు. "సరే, సోమవారం నుంచి మీ కుర్చీలో..." అన్నాడు.

"సోమవారం దాకా ఎందుకండీ?" అంది టైపిస్టు. కుర్రమ్మాయి లేచి జరిగింది. టైపిస్టు కుర్చీ లాక్కుని, డాక్టరు రాసిన రిపోర్టు ఎదుట పెట్టుకుని, టకటకా కొట్టడం మొదలుపెట్టింది. చిరాకక్క సామాన్లు సర్దుకుని వెళ్ళొస్తానంటే తల కూడా ఎత్తలేదు.