ఎవరి మాటకు వాళ్ళే

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ తడబడతాయి, ఒక పేజీ నిండేసరికి పొద్దు వాలిపోతుంది. తప్పులుంటే మన్నించి, సరిచేసుకుని చదవండి.

సూరత్ కోసాడ్ కాలనీలో మూడో అంతస్తు నుంచి మాట్లాడితే కింద కూరగాయల బండి దాకా వినిపించే గొంతు బాలవ్వది. అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు. సలాబత్‌పురా వైపు ఖాతా అని పిలిచే ఒక నేత షెడ్డులో, సాంచాల, అంటే మరమగ్గాల మధ్య, దారపు కండెలు చుట్టీ చుట్టీ ఆమె వయసంతా గడిచింది. సాంచాలు ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా మాట అందదు. ఆ చప్పుడు ఆమె చెవులను తినేసి గొంతును పెంచింది. పని మానేసి ఇన్నేళ్ళయినా, ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉన్నా, ఆమె ఇంకా ఖాతాలో ఉన్నట్టే మాట్లాడుతుంది. తనకు వినపడనిది ఎదుటివాళ్ళకూ వినపడదని ఆమె నమ్మకం.

మనవరాలు హారతి గుట్టు బయటపడింది ఆ గొంతు వల్లే.

హారతి కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుతుంది. నలుగురు ఒక జట్టు. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, మైకులో ఒకరినొకరు హెచ్చరించుకుంటూ అవతలి నలుగురితో తలపడతారు. సూరత్‌లోని మన తెలుగు కుర్రాళ్ళు పెట్టుకున్న జట్టులో ఆమె చేరింది. శివకృష్ణ కెప్టెన్. ఆటలో ఆమె పేరు ‘కండె’. ఆ కండె ఎవరో మిగతా ముగ్గురికీ తెలియదు. ఎవరో మగపిల్లవాడే అనుకున్నారు. మైక్ పాడైందని చెప్పి, ఆమె ఏం చెప్పాలన్నా రాసి పంపేది.

మైక్ బాగానే ఉంది. అంతకు ముందు వేరే జట్టులో ఒకసారి నోరు తెరిచి మాట్లాడింది. పోయి రొట్టెలు చేసుకోమన్నాడు ఒకడు. నంబరు ఇమ్మన్నాడు ఇంకొకడు. ఇవ్వకపోయేసరికి సొంత జట్టువాడే ఆమెను వెనక నుంచి కాల్చి ఆట బయట పడేశాడు. ఆ రోజు నుంచి హారతి ఆటలో మూగదైంది.

ఒక మధ్యాహ్నం ఆట మంచి ఊపు మీద ఉండగా వేలు తగిలి మైక్ తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే బాలవ్వ గడపలో నిలబడి కేకేసింది.

"ఓ హారతీ! నల్ల అచ్చిందే పొల్లా! ఆ తుపాకి పక్కకు పెట్టి జర బిందె పట్టు!"

ఫోన్‌లో ఎవడో నవ్వాడు. "అరే భాయ్, మన కండె లడ్కీ హై రే!"

బాలవ్వకు అదేమీ వినపడలేదు. మనవరాలి మొహంలో రక్తం ఇంకిపోవడం మాత్రం కనపడింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు హారతి ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. ఆమె ఎక్కడ ఆడటానికి దిగినా ఎవడో ఒకడు "నల్ల అచ్చిందా?" అని రాసేవాడు. అంతకంటే నీచమైన మాటలూ రాసేవాళ్ళు. శివకృష్ణ మాత్రం ఆమెను జట్టులోంచి తీసేయలేదు. ఫోన్ చేసి, "నీ అసొంటి నిషాన ఎవనికి లేదు. నువ్వు ఉండు. గని మైక్ మాత్రం బంద్ పెట్టుకో, లొల్లి ఉండది" అన్నాడు. హారతి సరేనంది.

"ఏమంటున్నరే వాళ్ళు?" అని బాలవ్వ అడిగితే, "ఏం లేదు బాపమ్మా" అని మొహం తిప్పుకునేది. తన నోరే పిల్లను బజారుకు ఈడ్చిందని బాలవ్వ లోలోపల కుమిలిపోయింది.

ఎండాకాలం సెలవుల్లో మన తెలుగువాళ్ళ వాడి తరఫున ఈ ఆటలోనే పోటీ పెట్టారు. పెళ్ళిళ్ళూ పండుగలూ జరిగే హాలు అది. శివకృష్ణ జట్టు ఒక్కొక్క ఆటే గెలుస్తూ ఫైనల్‌కు వచ్చింది. అంతదాకా ఎవరి ఇంట్లో వాళ్ళు ఆడారు. ఫైనల్ మాత్రం ఆదివారం పొద్దున అందరి ముందూ, స్టేజి మీద. హారతి ఆ రోజు తన పేరుతో, తన మొహంతో కూర్చోవాలి. అంతకంటే ఆమె కోరుకున్నది ఏమీ లేదు.

తండ్రి రాంప్రసాద్ అడ్డం తిరిగాడు. "పోరగాండ్ల నడుమ స్టేజి మీద కూసుంటదా? రేపు ఖాతల నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"ఇంట్లనే పెట్టిపో. నేను తాళం ఏస్త" అంది బాలవ్వ. "దానెంబడి నేను పోత. ముసల్దాన్ని పక్కకు పెట్టుకొని పోతే ఎవడేమంటడు?"

తల్లి మాటకు రాంప్రసాద్ ఎదురు చెప్పలేకపోయాడు.

ఆదివారం వాడి నిండిపోయింది. స్టేజి మీద ఎదురెదురుగా రెండు బల్లలు వేశారు. ఇటు శివకృష్ణ జట్టు, అటు సూరత్ పక్కనున్న సచిన్ ఊరి నుంచి వచ్చిన జట్టు. వాళ్ళ కెప్టెన్ వరప్రసాద్, మిల్లులో రంగులద్దే పనివాడి కొడుకు, సన్నగా చురుగ్గా ఉంటాడు. వెనక పెద్ద తెర. ఇద్దరు కుర్రాళ్ళు మైకు పట్టుకుని ఆటను కేకలతో వర్ణిస్తుంటే లౌడ్‌స్పీకర్లు గోడలను అదరగొడుతున్నాయి. బాలవ్వ ముందు వరసలో కూర్చుంది. పక్కింటి భూదేవి ఆమె మోచేయి పొడిచి, మూతి దగ్గరగా పెట్టి అంది.

"బాలవ్వా, మనుమరాలికి పిలగాన్ని చూస్తవనుకుంటే తుపాకి ఇప్పిస్తివా?"

"పిలగాడు మంచోడు కాకుంటె అక్కరకు అస్తది."

తెర మీద ఉరికే బొమ్మల్లో ఎవరెవరో బాలవ్వకు అర్థం కాలేదు. ఆమె బొమ్మలను వదిలి మనుషులను చూసింది. మొదటి ఆట శివకృష్ణ జట్టు గెలిచింది. హారతి వైపు చూపిస్తూ జనం చప్పట్లు కొట్టారు. రెండోది సచిన్ వాళ్ళు గెలిచారు. మూడోది గెలిచిన వాళ్ళదే కప్పు.

మూడో ఆట నడుస్తుండగా వరప్రసాద్ తన మైకును పక్కకు తిప్పి, పక్కవాడి వైపు వాలి ఏదో అన్నాడు. పక్కవాడు నవ్వాడు. మళ్ళీ అన్నాడు. హాలంతా హోరు. మాట బల్ల దాటి పోదని వాడి ధీమా.

కానీ సాంచాల కింద బతికిన ఆడవాళ్ళు మాటను చెవితో పట్టరు, కళ్ళతో పడతారు. పెదవి కదిలితే చాలు. ఆ రోజుల్లో ఖాతాలో కొందరు మగవాళ్ళకు ఆ సంగతి తోచేది కాదు. చప్పుడు తమకు తెర అనుకునేవాళ్ళు. కండెలు అందుకుంటూ, నవ్వుతూ, బాలవ్వ ఒంటి గురించి ఆమె ముందే మాట్లాడుకునేవాళ్ళు. బాలవ్వ ఒక్కసారి కళ్ళెత్తి చూసి, తల వంచుకుని కండె చుట్టేది. తెలిసినట్టు కనబడితే మర్నాడు పని ఉండదు.

ఇప్పుడు వరప్రసాద్ పెదవుల మీద ఆమె మొదట చదివింది ఇది: "పొల్ల టీంలకెట్ల అచ్చిందో శివకృష్ణను అడుగు. ఉట్టిగనే అస్తదా?" తర్వాత వాడు అన్నది నేను ఇక్కడ రాయలేను.

అదే సమయంలో హారతి కళ్ళెత్తి వాడి మూతి వైపు చూసింది. వెంటనే దించుకుంది. చెవులు వినపడని బాపమ్మతో మాట్లాడుతూ పెరిగిన పిల్ల, ఆమెకూ పెదవులు చదవడం వచ్చు. ఆ కళ్ళెత్తడం, ఆ దించుకోవడం బాలవ్వకు ఎంత బాగా తెలుసంటే, కుర్చీలో ఇక ఉండలేకపోయింది.

లేచి నిలబడి, ఖాతా గొంతుతో అంది. "ఓ సచిన్ పోరడా! నా మనుమరాలిని ఏమంటున్నవో గట్టిగ అనరాదు? నీకు శరమైతే నేను చెప్త."

చెప్పింది. నేను రాయలేనన్న మాట ఆమె అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. వర్ణించే కుర్రాళ్ళు నోళ్ళు మూశారు. ఆట ఆగింది. లౌడ్‌స్పీకర్లు ఊరుకున్నాక ఆ మాట ఒక్కటే హాలంతా తిరిగింది.

అప్పుడు జనం కోప్పడ్డారు. వరప్రసాద్ మీద కాదు, బాలవ్వ మీద. పిల్లలున్న చోట ముసలామె నోట అదేం మాట అన్నారు. భూదేవి కూడా చెంగుతో నోరు కప్పుకుని జరిగి కూర్చుంది. పోటీ పెట్టిన పెద్దమనిషి పరుశురాం స్టేజి ఎక్కాడు.

"నేనేం అనలే కాకా" అన్నాడు వరప్రసాద్. "ముసల్దానికి చెవుడు. ఇంత లొల్లిల ఎట్ల ఇన్నదో మీరే అడుగుండ్రి."

"ఇనలే. చూసింది" అంది హారతి. "నేను సుత చూసిన."

పరుశురాం కాసేపు గడ్డం గోక్కున్నాడు. మంచివాడే. నలుగురూ నవ్వకుండా కార్యక్రమం ముగిస్తే చాలనుకునే మనిషి. "చూడు బిడ్డా. వాడు పోరడు, ఆట వేడిల ఏదో నోరు జారిండు, ఎవలకు ఇనపడలే. మీ బాపమ్మ అందరికి ఇనపడేటట్టు అన్నది. ఆమె తరఫున నువ్వు మాఫీ అడుగు. అడిగి ఆడుకో. లేదంటే నీ జాగల ఇంకొకన్ని పెట్టుకోనీ."

హారతి అటు తిరిగి అన్న మాటలు అందకపోయినా, పరుశురాం మూతిని బాలవ్వ పూర్తిగా చదివింది. వెంటనే స్టేజి మెట్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "నేనే అడుగుత అయ్యా. తప్పు నాదే. పిల్లను ఆడనియ్యుండ్రి."

హారతి కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి వచ్చింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి, కానీ అవి కోపం నీళ్ళు.

"నిన్నెవలు లేవమన్నరు బాపమ్మా? నాకు తెల్వదా? మొదటి ఆట కాడినుంచి వాని మూతి చూస్తనే ఉన్న. చూసుకుంటనే ఆడుతున్న. గెలిచినంక అందును, అనకపోదును, అది నా ఇష్టం ఉండె. నువ్వు దాన్ని గుంజుకున్నవ్."

బాలవ్వ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. తాను ఏమి చేసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఖాతాలో నోరు మూసుకోవడం తన నిర్ణయమే. ఆ నిర్ణయం తన తరఫున ఇంకెవరూ తీసుకోలేదు.

హారతి ఆ చేతులను పట్టుకుని విడదీసింది. తర్వాత వెనక్కి తిరిగి, వర్ణించే కుర్రాడి చేతిలోంచి మైకు తీసుకుంది. అన్ని నెలలు మూసిపెట్టిన గొంతును అందరి ముందూ తెరిచింది.

"నా పేరు హారతి. కండె అంటే నేనే. మా బాపమ్మ అన్నది ఆమె మాట కాదు, వరప్రసాద్ మాట. ఆమె ఉత్తగ మోసుకచ్చి మీ ముందట పెట్టింది. ఎవని మాటకు వాడే మాఫీ అడగాలె. నేనైతే అడగ."

పరుశురాం చేతిగడియారం చూసుకున్నాడు. హారతి శివకృష్ణ వైపు చూసింది. చాలాసేపు చూసింది. అతను ఫోన్ అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

ఆమె హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి దిగి వచ్చింది. ఆమె కుర్చీలో వేరే కుర్రవాడు కూర్చున్నాడు. ఆట మళ్ళీ మొదలైంది. శివకృష్ణ జట్టు గెలిచింది కూడా. గెలవకపోతే బాగుండునని బాలవ్వ మనసులో అనుకుంది, కానీ గెలిచింది.

అవ్వా మనవరాలూ వాడి బయట గేటు దగ్గరికి వచ్చేసరికి శివకృష్ణ కప్పు పట్టుకుని పరుగున వచ్చాడు. ఎండ అతని వీపు వెనక ఉంది, బాలవ్వకు మొహం నల్లగా కనిపించింది, పెదవులు కళ్ళకు ఆనలేదు.

"హారతీ, ఫొటోల నిలబడు రా. ఫైనల్ దాక తెచ్చింది నువ్వే గద."

"నన్ను దింపినప్పుడు ఏమన్నవ్?"

"నేనేమంట? పెద్దమనిషి చెప్పినంక."

"అదే అడుగుతున్న. ఏమన్నవ్?"

అతను కప్పును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "వచ్చే వారం సచిన్‌ల ఇంకో పోటీ ఉన్నది. నువ్వు లేకుంటె మాకు నడువది. అస్తవా?"

"అస్త. ఆడుడంటె నాకు పానం. గని ముందుగాల నువ్వు లోపలికి పో. ఆ మైకు పట్టుకొని, హారతి ఏ తప్పు చేయలేదని ఒక్కసారి చెప్పు. వానిని తిట్టకు. నన్ను పొగడకు. గంతే చెప్పు. నేను ఈడనే ఉంట."

శివకృష్ణ హాలు వైపు చూశాడు. లోపల పేర్లు పిలుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. అతను లోపలికి పోలేదు. అక్కడి నుంచి కదలనూ లేదు.

రోడ్డు మీద తమ ఇంటి దారిన అమ్రోలి వైపు వెళ్ళే బస్సు ఒకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. హారతి ఎక్కలేదు. బాలవ్వ ఆమె మోచేయి పట్టుకుని, ఖాతాలో అడుగుపెట్టాక మొదటిసారి గొంతు తగ్గించి అడిగింది.

"ఏమన్నడే?"

"ఏం అనలే బాపమ్మా" అంది హారతి. "ఇంకా ఏం అనలే."

సారక్క, అరవై ఆరేళ్ళు. ప్రస్తుతం ఉంటున్నది కోసాడ్, సూరత్.